హైదరాబాద్ నుంచి ఏం తీసుకెళ్లాలి, ఎక్కడ కొనాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. విశాఖపట్నం నుంచి కుటుంబంతో వచ్చి మూడు రోజులు కూకట్‌పల్లిలో బంధువుల ఇంట్లో ఉంటారు. తిరిగి వెళ్లేటప్పుడు అమ్మగారికి, అక్కగారికి, ఇద్దరు మేనకోడళ్లకు, చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారికి, ఆఫీసులో పదిమందికి ఏదైనా తీసుకెళ్లాలనుకుంటున్నారు. ముత్యాలు తప్ప ఇక్కడ ఇంకేం దొరుకుతాయో, ఎక్కడ కొంటే మోసపోకుండా ఉంటామో చెప్పమన్నారు. నేను ఈ నగరంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. అందులో సగకాలం చేనేత, హస్తకళా వస్తువులు అమ్మే దుకాణంలోనే గడిచింది. అమ్మేవాడిగా చూసినవి, కొనేవాడిగా నష్టపోయి నేర్చుకున్నవి రెండూ కలిపి చెబుతాను.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన విషయం, చార్మినార్ చుట్టూ అమ్మే వస్తువులన్నీ హైదరాబాద్‌వి కావు. లాడ్‌బజార్‌లో వరుసలుగా వేలాడే గాజు గాజులు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. ఇత్తడి సామాన్లలో చాలా భాగం మొరాదాబాద్‌వి. అద్దాలు కుట్టిన సంచులు రాజస్థాన్, గుజరాత్‌లవి. అవి నాసిరకమని నేను అనడం లేదు. అయితే ఇంత దూరం వచ్చి మోసుకెళ్లే వస్తువు ఈ ఊరిదో, ఈ నేలతో బంధమున్నదో అయితే, చేతిలో పెట్టేటప్పుడు దాని గురించి చెప్పడానికి నాలుగు మాటలుంటాయి. అందుకే నన్ను అడిగిన ప్రతివారికీ, దుకాణానికి వెళ్లే ముందు ఆ వస్తువు ఎలా తయారవుతుందో తెలుసుకోమని చెబుతాను. తయారీ తెలిసిన కంటికి నకిలీ త్వరగా దొరుకుతుంది, బేరమాడేటప్పుడు మాటకు బలమూ వస్తుంది.

మేనకోడళ్లకు లక్క గాజులు కొనండి. హైదరాబాద్ పేరు చెప్పి ఇవ్వదగిన వస్తువుల్లో నా దృష్టిలో మొదటిది ఇదే. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చార్మినార్ నుంచి పడమరగా సాగే వీధే లాడ్‌బజార్. దాన్నే చూడీ బజార్ అని కూడా అంటారు. ముందున్న దుకాణాల తళుకు చూసి ఆగిపోకుండా, గాజులు చేసేచోటు చూపించమని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. చిన్న గదిలో బొగ్గుల కుంపటి, దాని మీద ఇనుప పెనం, పక్కన రంగురంగుల లక్క ముద్దలు ఉంటాయి. వేడికి మెత్తబడిన లక్కను పొడవుగా సాగదీసి, వలయంగా చుట్టి, అది మళ్లీ గట్టిపడేలోగా ఒక్కొక్క రాయినీ పట్టకారుతో తీసి అందులో నొక్కుతారు. రాయి మీద వేలు ఒత్తిన ప్రతిసారీ దాని చుట్టూ లక్క సన్నని గట్టులా పైకి లేచి రాయిని పట్టుకుంటుంది. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఆ గట్టునే. జిగురుతో రాళ్లు అంటించిన ప్లాస్టిక్ గాజులో రాయి పైపైన కూర్చుని ఉంటుంది, అంచుల్లో ఎండిన జిగురు మెరుస్తూ కనిపిస్తుంది. లక్క గాజులో రాయి సగం లోపలికి దిగి ఉంటుంది.

కొలత తెలియకుండా గాజులు కొనడం వృథా. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని దుకాణదారులు చెప్పే లెక్కలో మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. అంటే రెండు-నాలుగు గాజు లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, రెండు-ఎనిమిది అయితే రెండున్నర. బయలుదేరే ముందు మేనకోడళ్ల చేతికి సరిపోయే పాత గాజు ఒక్కొక్కటి అడిగి తెచ్చుకోండి. అది వీలుకాకపోతే ఆ గాజును కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంట గీత గీయించి, ఆ కాగితం తెచ్చుకోండి. లక్క గాజు సాగదు కాబట్టి అనుమానం ఉంటే ఒక కొలత పెద్దదే తీసుకోవాలి. ఇంకో జాగ్రత్త, లక్కకు వేడి పడదు. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన గాజులు వంగిపోయి, రాళ్లు రాలిపోవడం నేను చూశాను.

ఇక ముత్యాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. హైదరాబాద్‌ను ముత్యాల నగరం అంటారు గాని, ముత్యాలు ఇక్కడ పుట్టవు. నిజాముల కాలంలో పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. వాటిని ఏరి, తూట్లు వేసి, జత కుదిర్చి, హారాలుగా కూర్చే నైపుణ్యం ఈ ఊరిలో స్థిరపడింది. 1930ల నాటికి జపాన్ సాగు ముత్యాలు మార్కెట్లోకి రావడంతో గల్ఫ్ వ్యాపారం కుంగిపోయింది. ఇప్పుడు మామూలు ధరలో మీకు చూపించేవి ఎక్కువగా చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. అవి అసలు ముత్యాలే, నకిలీ కావు. సాగు ముత్యమంటే దొంగ ముత్యమని భయపడనక్కరలేదు. కాని కొన్ని వేల రూపాయలకు "అసలు బస్రా" ఇస్తామని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. సహజమైన పాత బస్రా ముత్యాలు ఆ ధరకు ఎవరూ ఇవ్వరు.

మా అక్క పెళ్లికి నేను మొదటిసారి జీతం డబ్బుతో మూడు వరుసల హారం కొన్నాను. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. నిగనిగలాడుతూ, ఒక్క గింజకూ మరొక గింజకూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండడం చూసి మురిసిపోయాను. రెండు వానాకాలాలు గడిచేసరికి తూటు చుట్టూ పైపూత పొరలుగా లేచి, కింద గాజు కనిపించింది. అక్క ఏమీ అనలేదు. ఆ హారాన్ని పెట్టెలో పెట్టుకుని మళ్లీ వేసుకోలేదు, అంతే. ఆ బాధతోనే తరువాత చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారులో ముత్యాలు కూర్చే ఒక పెద్దాయన పక్కన ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాను. ఆయన నేర్పిన మొదటి పాఠం, ఏ లోపమూ లేని ముత్యాల వరుస చవకగా దొరికితే అనుమానించమని. అసలు ముత్యాల్లో ఆకారంలో, రంగులో సన్నని తేడాలు, పైన చిన్న గీతలు, గుంటలు ఉంటాయి. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే ఇసుక రేణువుల్లాంటి గరుకు తెలియాలి. ముందుపళ్ల అంచుకు రాసినా అదే గరుకు తెలుస్తుంది. గాజు, ప్లాస్టిక్ గింజలు జారిపోతాయి. తూటు దగ్గర భూతద్దంతో చూడండి. పూత వేసిన గింజలో పూత అంచు విరిగి, చిట్లి కనిపిస్తుంది. అగ్గిపుల్లతో కాల్చి చూపించే పరీక్షను మాత్రం నమ్మకండి. అది ముత్యాన్ని పాడుచేయడం తప్ప ఏమీ తేల్చదు.

అసలుదని తేలిన తరువాత నాణ్యత చూడాలి. దుకాణంలో నల్ల వెల్వెట్ గుడ్డ మీద, పసుపు దీపాల కింద ఏ ముత్యమైనా బాగుంటుంది. వరుసను గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. ఎదురుగా ఉన్న కిటికీ లేదా ట్యూబులైటు నీడ ముత్యంలో అంచులతో సహా స్పష్టంగా కనిపిస్తే మెరుపు బాగున్నట్టు, సున్నం కొట్టినట్టు మసకగా ఉంటే లేనట్టు. నా అనుభవంలో పెద్ద సైజు కన్నా మంచి మెరుపుకు డబ్బు పెట్టడమే మేలు. మంచి హారంలో ప్రతి ముత్యానికీ మధ్య దారానికి ముడి ఉంటుంది. తెగితే ఒక్కటే జారుతుంది, మిగతావి ఒకదానికొకటి రాసుకుని అరగవు. ధర గ్రాముకు ఎంతో అడిగి, తూకం వేయించి, బిల్లు మీద "మంచినీటి సాగు ముత్యాలు" అని రాయించుకోండి. ఆ మాట రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకండి. అక్కగారికి ఒకే వరుస, చిన్న సైజు, మంచి మెరుపున్నది చాలు. ముత్యానికి పులుపు, చెమట, సెంటు పడవు కాబట్టి అలంకారమంతా అయ్యాక చివర్లో పెట్టుకుని, తీశాక మెత్తటి గుడ్డతో తుడవమని ఆమెకు చెప్పండి. పత్తర్‌గట్టిలోనూ బషీర్‌బాగ్‌లోనూ తరాలుగా ఈ వ్యాపారం చేస్తున్న దుకాణాలున్నాయి. కనీసం మూడింటిలో చూశాకే నిర్ణయించుకోండి. ఆటో డ్రైవర్ తనంతట తాను తీసుకెళ్లే దుకాణంలో అతని కమీషన్ కూడా మీ ధరలో కలిసే అవకాశం ఉంటుంది.

అమ్మగారికి చీరే కొనాలని మీకు ఉంటే, పోచంపల్లి ఇక్కత్ కన్నా దగ్గరిది, గౌరవమైనది నాకు తోచడం లేదు. భూదాన్ పోచంపల్లి నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు అదే. మీకు ఒక పూట తీరిక దొరికితే అక్కడికే వెళ్లండి. మగ్గం ముందు కూర్చోకముందే చీర సగం తయారై ఉంటుందన్న సంగతి అక్కడ కళ్లారా చూడవచ్చు. గీతల ప్రకారం నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ముడి విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచి, ఇంతా అయ్యాక ఆ నూలునే నేస్తే బొమ్మ వస్తుంది. పోగులు ఎంత జాగ్రత్తగా పేర్చినా వెంట్రుకంత జరగక తప్పదు కాబట్టి బొమ్మ అంచులు ఈకలు విప్పినట్టు కొద్దిగా చెదిరి ఉంటాయి. ఆ చెదరడమే ఇక్కత్‌కు గుర్తు. పోగుకే రంగు పట్టించడం వల్ల చీరను తిరగేసినా బొమ్మ అంతే నిండుగా కనిపిస్తుంది. మార్కెట్లో ఇక్కత్ డిజైన్ ముద్రించిన చీరలు బోలెడు అమ్ముతున్నారు. వాటిని తిరగేస్తే రంగు వెలిసినట్టు ఉంటుంది, బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. మరమగ్గాల పోటీని తట్టుకుని చేతి మగ్గం మీద బతుకుతున్న కుటుంబాలకు మీ డబ్బు చేరాలంటే ఈ ఒక్క పరీక్ష చేయండి చాలు. పట్టు అయితే సిల్క్ మార్క్, చేనేత అయితే హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ అడగండి. పోచంపల్లి వెళ్లడం కుదరకపోతే నగరంలోని చేనేత సహకార సంఘాల దుకాణాల్లో కొనవచ్చు. అక్కడ ధర స్థిరం, బేరం ఉండదు. ముదురు రంగు చీరను మొదటిసారి విడిగా ఉతకమని అమ్మగారికి చెప్పడం మరిచిపోకండి.

చీర వద్దు, చలికాలంలో కప్పుకునేది కావాలంటే హిమ్రూ శాలువా గురించి వాకబు చేయండి. నూలు, పట్టు కలిపి నేసే ఈ బట్ట ఒకప్పుడు దర్బారుల్లో వాడేవారు. అది కనుమరుగయ్యే దశలో ఉన్నప్పుడు నగరంలోనే మగ్గాలు పెట్టించి, నేతగాళ్లను చేరదీసి నిలబెట్టినవారు సురయ్యా హసన్ బోస్. ఆమె 2021లో కన్నుమూశారు. హిమ్రూ ప్రతిచోటా దొరకదు, దొరికితే మాత్రం వదులుకోకండి.

మాస్టారికి బిద్రీ వస్తువు ఇవ్వండి. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోదే. అందుకే ఈ కళను ఇక్కడివారు పరాయిదిగా చూడరు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, దాని మీద ఉలితో గాడులు చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగనో వెండి రేకునో కొట్టి కూర్చి, చివరకు బీదర్ కోట మట్టిని నవసాగరం అనే లవణంతో కలిపి రుద్దుతారు. ఆ మట్టి తగలగానే లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. మొదటిసారి చూసినవారికి అది నమ్మశక్యంగా ఉండదు. కొనేటప్పుడు గోటితో వెండి గీత మీద అడ్డంగా రాయండి. అసలు బిద్రీలో వెండి, నలుపు ఒకే మట్టంలో ఉండి, గోరు ఎక్కడా తట్టుకోదు. నల్ల రంగు పూసి పైన వెండి రంగు దిద్దినదైతే అంచు తగులుతుంది, చేతికి తేలికగా కూడా ఉంటుంది. కాగితాలు కోసే చిన్న కత్తి, పెన్నులు పెట్టుకునే గిన్నె లాంటివి మాస్టారి బల్ల మీద పనికొస్తాయి. నలుపు వెలిసినట్టు అనిపిస్తే కొద్దిగా కొబ్బరినూనె రాసి తుడిస్తే సరి.

బిద్రీ కొనడానికి ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత పనితనం చూసి రమ్మని నా సలహా. పాత హుక్కా కుదుళ్లు, పాన్‌దాన్‌లు కొద్దిసేపు చూస్తే చాలు, తరువాత దుకాణంలో ఏది శ్రద్ధగా చేశారో, ఏది తొందరగా ముగించారో కన్నే చెబుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, కాబట్టి మీ మూడు రోజుల్లో ఆ రోజు ఉంటే ముందే సర్దుకోండి. ఒకవేళ మాస్టారికి వస్తువుల కన్నా పుస్తకాలే ఇష్టమైతే, ఆదివారం ఉదయం అబిడ్స్ కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల మధ్య రెండు గంటలు వెతకండి. అచ్చులో లేని తెలుగు పుస్తకం దొరికిందంటే ఏ బిద్రీ పాత్రా దానికి సాటి రాదు.

పిల్లలకు గాజులతో పాటు బొమ్మ కూడా కావాలంటే చేర్యాల ముఖాలు, అంటే మాస్కులు, చూడండి. పల్లెల్లో కథలు చెప్పేవారి కోసం పొడవైన గుడ్డ మీద కథను వరుసగా బొమ్మలు వేసిన నకాషీ కళాకారుల వారసులు వీటిని చేస్తారు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మలిచి, పైన ఎర్రటి, పచ్చటి రంగులు దిద్దుతారు. కొబ్బరి చిప్ప మీద చేసిన చిన్న ముఖాలు అరచేతిలో పడతాయి. నిర్మల్ బొమ్మలు కూడా బాగుంటాయి. పొణికి చెక్కతో చేస్తారు కాబట్టి తేలిక. పెంబర్తి ఇత్తడి రేకు పని, కరీంనగర్ వెండి తీగ పని కూడా చూడదగ్గవే గాని వెండి పనికి బడ్జెట్ ఎక్కువ కావాలి. ఇవన్నీ ఒకేచోట చూడాలంటే ప్రభుత్వ గోల్కొండ హస్తకళల దుకాణాలు, మాదాపూర్‌లోని శిల్పారామం అనుకూలం. శిల్పారామంలో కొన్ని దుకాణాల్లో చేసినవారే అమ్ముతారు, మరికొన్నింటిలో టోకున తెచ్చినవి ఉంటాయి. "ఇది మీరే చేశారా" అని ఒక్కసారి అడిగితే, చేసినవారు చేతిలో పని ఆపి మరీ వివరిస్తారు.

అత్తరు గురించి క్లుప్తంగా. చార్మినార్ దగ్గర తులాల లెక్కన అమ్ముతారు, అంతకన్నా తక్కువ కూడా చిన్న సీసాలో పోసి ఇస్తారు. మూత తీసి వాసన చూసి కొనకండి. మణికట్టు మీద ఒక్క చుక్క రాయించుకుని, అరగంట బజారు తిరిగి వచ్చి, అప్పటికీ నచ్చితేనే తీసుకోండి.

ఆఫీసులో పదిమందికి ఉస్మానియా బిస్కెట్ల కన్నా సరళమైన మార్గం లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఈ బిస్కెట్ తీపిగా ఉంటూనే నాలుక చివర ఉప్పు తగులుతుంది. ఇరానీ చాయ్‌లో ముంచి తినడానికి అది పుట్టిందేమో అనిపిస్తుంది. పండ్ల ముక్కలు కలిపిన ఫ్రూట్ బిస్కెట్లకు మొజంజాహీ మార్కెట్ దగ్గరి కరాచీ బేకరీ పాత పేరు. దేశ విభజన తరువాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో దాన్ని ప్రారంభించారు. ఆ పక్కనే ఉన్న మొజంజాహీ మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం, కొనకపోయినా చూడండి. వంట మీద ఆసక్తి ఉన్న సహోద్యోగి ఉంటే బేగంబజార్‌లో పొట్లీ మసాలా అడగండి. వట్టివేళ్లు, రాతిపువ్వు, ఎండు గులాబీ రేకులు, గంధపు చెక్క వంటివి కలిపి ఇస్తారు. గుడ్డలో మూటకట్టి నిహారీలోనో బిర్యానీ నీళ్లలోనో వేస్తే ఇల్లంతా పాతబస్తీ వాసన. తక్కువ ఖర్చుతో ఇంత గుర్తుండిపోయేది మరొకటి లేదు.

కూకట్‌పల్లి నుంచి ఎం.జి.బి.ఎస్. (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) వరకు మెట్రోలో నేరుగా రావచ్చు. అక్కడి నుంచి చార్మినార్‌కు ఆటో చాలు. పాతబస్తీలో దుకాణాలు పొద్దున్నే తెరవరు, పదకొండు దాటాక వెళితే మంచిది. అందుకని పొద్దున సాలార్‌జంగ్, మధ్యాహ్నం పత్తర్‌గట్టి, సాయంత్రం లాడ్‌బజార్ అన్న క్రమం పెట్టుకుంటే ఒకే రోజులో మూడూ అవుతాయి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు వల్ల రద్దీ ఎక్కువ. రంజాన్ నెలలో బజారు అర్ధరాత్రి దాటినా నడుస్తుంది, కాని పిల్లలతో ఆ జనంలో నిలిచి గాజుల కొలత చూడడం కష్టం.

లాడ్‌బజార్‌లో బేరం తప్పదు. అయితే కళ్లముందు చేస్తున్న మనిషి దగ్గర మరీ గీసి గీసి అడగకండి. అతను చెప్పిన ధరలో లక్క, రాళ్లు, బొగ్గు ఖర్చు పోగా మిగిలేది తక్కువే. తెచ్చి అమ్మే దుకాణంలో మాత్రం మొహమాటపడనక్కరలేదు. రెండు మూడు జతలు కలిపి అడిగితే ధర తగ్గుతుంది.

గాజులను ఒక్కొక్క జతగా కాగితంలో చుట్టించి, గట్టి అట్టపెట్టెలో పెట్టుకుని చేతి సంచిలోనే ఉంచుకోండి. ముత్యాలు గుడ్డ సంచిలో విడిగా ఉండాలి, బిద్రీ వస్తువుతో కలపకండి, గీతలు పడతాయి. బిస్కెట్లను మాత్రం మొదటి రోజే కొనకుండా తిరుగు ప్రయాణం రోజునే తాజాగా తీసుకోండి. కాగితపు పెట్టె అయితే సామానంతటికీ పైన పెట్టండి, లేకపోతే విశాఖ చేరేసరికి సగం పొడే మిగులుతుంది.